ఘాటీ రోడ్డులో వేడెక్కుతున్న టర్బో కారు: వాటర్-మిథనాల్ ఇంజెక్షన్ ముందా, ఎగ్జాస్ట్ మార్పు ముందా?

నాగావళి_ఆర్‌ఎస్ (రాయగడ)

సభ్యులందరికీ నమస్కారం. నా దగ్గర 2017 నాటి ఆక్టేవియా ఆర్‌ఎస్ 230 ఉంది. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్), కంపెనీ లెక్క ప్రకారం 230 పీఎస్ శక్తి, 350 న్యూటన్‌మీటర్ల టార్క్. గత చలికాలంలో ఒక పెద్ద నగరంలో ఈసీయూకు (ఇంజనును నడిపే కంప్యూటరుకు) స్టేజ్ వన్ మ్యాప్, అంటే భాగాలేవీ మార్చకుండా శక్తి పెంచే సెట్టింగుల పట్టిక, వేయించాను. అది తప్ప బండిలో ఇంకేదీ మార్చలేదు. చలి ఉన్నన్నాళ్లూ బండి చాలా హాయిగా నడిచింది. ఎండలు ముదిరాక పరిస్థితి మారింది. పని మీద విశాఖపట్నం నుంచి సాలూరు, సుంకి మీదుగా కొరాపుట్ వెళ్లవలసి వస్తుంటుంది. ఆ ఘాటీ సగం ఎక్కేసరికి బండి లాగుడు స్పష్టంగా తగ్గిపోతోంది. లాగ్ (ఈసీయూ నమోదు చేసిన అంకెలు) తీసి చూస్తే, టర్బో కుదించిన గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాటిన తరువాత కూడా గాలి ఉష్ణోగ్రత 65 డిగ్రీల దాకా ఉంటోంది. రెండు, మూడు సిలిండర్లలో నాకింగ్ (ఇంధనం అదుపు తప్పి తనంత తాను పేలడం) రాకుండా ఇగ్నిషన్ టైమింగ్‌ను, అంటే స్పార్క్ పడే సమయాన్ని, ఈసీయూ 4 నుంచి 5 డిగ్రీలు వెనక్కి తీస్తోంది. పెట్రోలు మార్చి చూస్తే కొంత తేడా ఉంది గానీ సమస్య పోలేదు.

నాకు ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు. ఇంజనులోకి వెళ్లే గాలిలో నీరు, మిథనాల్ (ఒక రకం ఆల్కహాల్) చల్లే వాటర్-మిథనాల్ కిట్ పెట్టించి టైమింగ్ పెంచుకుంటే వేడి బాధ పోయి 300 పీఎస్ సులువుగా దాటవచ్చని ఒకరన్నారు. మూడు అంగుళాల డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటకు వెళ్లే మొదటి గొట్టం) వేసి సైలెన్సర్ లైను అంతా మార్చితే టర్బో మీద భారం తగ్గి వేడి దానంతట అదే తగ్గుతుందని మరొకరన్నారు. ఈ రెండింటిలో ఏది ముందు చేయడం మంచిది? ఇంజెక్షన్ పెట్టుకుంటే ద్రవాన్ని చల్లే నాజిల్ ఎంత పరిమాణంలో ఉండాలి, నీళ్లకు మిథనాల్ ఎంత కలపాలి, మన వైపు మిథనాల్ దొరికే మార్గం ఏమిటి? ట్రాక్ మీద పోటీకి వెళ్లే ఉద్దేశం నాకు లేదు. మే నెలలో కూడా ఘాటీ ఎక్కేటప్పుడు ఇంజను క్షేమంగా, ఒకే తీరుగా లాగితే చాలు.

సునాబెడ_టర్బైన్ (సునాబెడ, కొరాపుట్ జిల్లా)

నాగావళి గారూ, లాగ్ తీసి, సిలిండర్ల వారీగా అంకెలు చూసి అడిగారు కాబట్టి జవాబు కూడా అంకెలతోనే చెప్పడం సబబు. నా ఉద్దేశంలో మీరు అడిగిన రెండింటి కంటే ముందు చూడవలసిన వస్తువు మూడోది ఉంది. దాని దగ్గరకు వచ్చే ముందు, ఈ ఘాటీలో మీ టర్బోకు ఏం జరుగుతున్నదో చెబుతాను.

కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖలో వాతావరణ పీడనం 1.01 బార్ ఉంటే అక్కడ దాదాపు 0.91 బార్‌కు పడిపోతుంది. మీ ఈసీయూ మానిఫోల్డ్‌లోని (సిలిండర్లకు గాలి పంచే గొట్టంలోని) పీడనాన్ని శూన్యం నుంచి లెక్కించే ఆబ్సొల్యూట్ పద్ధతిలో చూస్తుంది. అంటే సముద్రతీరంలో 2.2 బార్ కోరిన మ్యాప్ కొండమీద కూడా 2.2 బారే కోరుతుంది. తీరంలో టర్బో గాలిని 2.17 రెట్లు కుదిస్తే సరిపోయేది, కొరాపుట్ ఎత్తులో 2.42 రెట్లు కుదించవలసి వస్తుంది. కంప్రెసర్ (టర్బోలో గాలిని కుదించే భాగం) సామర్థ్యం 70 శాతం, బయటి గాలి 35 డిగ్రీలు అనుకొని లెక్క వేస్తే, టర్బో నుంచి వెలువడే గాలి తీరంలో సుమారు 145 డిగ్రీలు, కొండమీద 160 డిగ్రీల పైన ఉంటుంది. చిన్న టర్బో తన సామర్థ్యపు అంచుకు చేరిన కొద్దీ ఆ 70 శాతం కూడా నిలవదు, వేడి ఇంకా పెరుగుతుంది. దీనికి తోడు ఘాటీ మలుపుల్లో బండి వేగం 40, 50 కిలోమీటర్లు దాటదు. యాక్సిలరేటర్ మాత్రం లోతుగానే నొక్కి ఉంటుంది. ఇంటర్‌కూలర్‌కు ఎదురుగాలి అందదు, రేడియేటర్ ఫ్యాను లాగే గాలి దానికి చాలదు. ఒకసారి ఇంటర్‌కూలర్ లోహమంతా వేడెక్కిపోతే తిరిగి చల్లబడడానికి చాలా సేపు పడుతుంది. మీ లాగ్‌లో కనబడే 65 డిగ్రీలు దాని ఫలితమే.

అందువల్ల మొదట చేయవలసిన పని ఇంటర్‌కూలర్‌ను పెద్దదానితో మార్చడం. నీళ్లు నింపనక్కర లేదు, పంపు ఆగిపోతుందన్న భయం లేదు, మ్యాప్‌ను పెద్దగా కదిలించనక్కర లేదు. పెట్టిన రోజు నుంచి బండి అమ్మేదాకా మౌనంగా పని చేసుకుపోయే వస్తువు అది. దాని తరువాత కూడా మే నెలలో గాలి ఉష్ణోగ్రత 50 డిగ్రీల పైన నిలిచిపోతే, అప్పుడు నీటి ఇంజెక్షన్ గురించి ఆలోచించండి.

నీటి ఇంజెక్షన్ కొత్త పద్ధతేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800 ఇంజన్లలో, జర్మన్ డైమ్లర్-బెంజ్ డీబీ 605 ఇంజన్లలో దీన్ని వాడారు. జర్మన్లు ఎండబ్ల్యూ 50 అని పిలిచిన ద్రవంలో దాదాపు సగం నీరు, సగం మిథనాల్, తుప్పు పట్టకుండా అర శాతం నూనె ఉండేవి. టేకాఫ్‌లోనో పోరాటంలోనో కొద్ది నిమిషాల పాటు బూస్ట్ (ఇంజనులోకి నెట్టే గాలి పీడనం) పెంచడానికే అది. ఎప్పుడూ నడిపే శక్తిగా వాళ్లు దాన్ని లెక్కించలేదు. కార్లలో 1962 నాటి ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ దీన్ని కంపెనీ నుంచే అమర్చుకొని వచ్చింది. టర్బో ఉన్నా 10.25 అంత ఎక్కువ కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో గాలిని ఎన్ని రెట్లు కుదిస్తారన్న అంకె) పెట్టగలిగారంటే ఆ ద్రవం చలవే. కానీ యజమానులు ట్యాంకు నింపడం మరిచిపోయేవారు, నింపకపోతే బూస్ట్ తెగిపోయేది. చివరికి చాలా బండ్లలో టర్బోనే తీయించేశారు. ఈ సంగతి మీరు మనసులో పెట్టుకోవాలి. నీళ్లున్నప్పుడే క్షేమంగా ఉండే మ్యాప్ వేయించుకుంటే, నీళ్లు లేని రోజున మీ ఇంజను అరవై ఏళ్ల కిందటి ఆ బండి కంటే ప్రమాదంలో ఉంటుంది, ఎందుకంటే దానికి కనీసం బూస్ట్ తెంచే ఏర్పాటు ఉంది.

ఎంత చల్లదనం వస్తుందో కూడా చెబుతాను. పూర్తి లోడ్‌లో కిలో గాలికి సుమారు 83 గ్రాముల పెట్రోలు పడుతుందనుకుంటే, దానిలో 15 శాతం చొప్పున 12.5 గ్రాముల ద్రవం చల్లుతారు. నీరు, మిథనాల్ సమాన పరిమాణంలో కలిపిన ఆ ద్రవమంతా ఆవిరైతే గాలి దాదాపు 23 డిగ్రీలు చల్లబడుతుంది. గొట్టంలో అంతా ఆవిరి కాదు. మిగిలినది సిలిండర్‌లో కంప్రెషన్ సమయంలో ఆవిరవుతుంది, నాకింగ్‌ను ఆపే అసలు పని అక్కడే జరుగుతుంది. కాబట్టి థర్మామీటరు ఎన్ని డిగ్రీలు తగ్గిందన్న దాని మీద కన్నా, టైమింగ్ వెనక్కి పోవడం ఎంత తగ్గిందన్న దాని మీద దృష్టి పెట్టండి.

బరంపురం_ల్యాబ్ (బరంపురం, గంజాం జిల్లా)

సునాబెడ గారి వివరణ తరువాత ఇంజను గురించి నేను చెప్పేది ఏమీ లేదు. నాగావళి గారు మిథనాల్ ఎక్కడ దొరుకుతుందని అడిగారు, రసాయనాల మధ్య పని చేసే మనిషిగా ఆ ప్రశ్నకు నేను తప్పక జవాబివ్వాలి.

మిథనాల్ 1919 నాటి విషపదార్థాల చట్టం పరిధిలోకి వచ్చే పదార్థం. దాన్ని అమ్మడానికి అనుమతి ఉండాలి, కొనేవారి వివరాలు, అవసరం రాసుకోవాలి. లైసెన్సు ఉన్న రసాయనాల వ్యాపారి దగ్గర బిల్లుతో కొనడం తప్ప వేరే మార్గం వెతకవద్దు. ఎవరో డ్రమ్ములోంచి క్యాను నింపి ఇస్తామంటే దగ్గరకు కూడా వెళ్లకండి. ఒడిశా నుంచి ఆంధ్రకు, ఆంధ్ర నుంచి ఒడిశాకు బండి డిక్కీలో మిథనాల్ క్యాన్లతో తిరగడం ఎంత ఇబ్బందో సరిహద్దు చెక్‌పోస్టులు చూసినవారికి చెప్పనక్కర లేదు. కల్తీ సారా ప్రాణాలు తీసిన ప్రతిచోటా అధికారులు మొదట వెతికేది ఈ పదార్థాన్నే.

దాని ప్రమాదం కూడా తెలుసుకోండి. గుక్కెడు మిథనాల్ కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. శరీరం దాన్ని ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది, కంటి నరాన్ని దెబ్బతీసేది ఆ ఆమ్లమే. చర్మం గుండా, ఆవిరి పీల్చినా ఒంట్లోకి చేరుతుంది. చూడడానికి నీళ్లలాగే ఉంటుంది కాబట్టి తాగునీటి సీసాలో పోసి ఉంచడం క్షమించరాని పని, ఇంట్లో పిల్లలుంటే చెప్పనే అక్కర లేదు. స్వచ్ఛమైన మిథనాల్ 11 డిగ్రీల దగ్గరే అంటుకొనే ఆవిరి ఇస్తుంది, మన వాతావరణంలో అది ఏడాది పొడవునా ఆ స్థితిలోనే ఉన్నట్టు. పైగా పట్టపగలు దాని మంట కంటికి కనబడదు. కలిపే పని ఆరుబయట, చేతి తొడుగులు వేసుకొని, కళ్లద్దాలు పెట్టుకొని చేయాలి. ట్యాంకు బండి లోపల పెట్టేటట్లయితే దాని గాలి గొట్టం తప్పనిసరిగా బయటకు తెరుచుకోవాలి.

ఇంత చెప్పిన తరువాత అసలు సంగతి. మీ అవసరానికి మిథనాల్ కావాలా? ఆవిరి కావడానికి కిలో నీరు దాదాపు 2,440 కిలోజౌళ్ల వేడి తీసుకుంటుంది. కిలో మిథనాల్ సుమారు 1,165, పెట్రోలు 350 ప్రాంతంలో తీసుకుంటాయి. చల్లబరచడంలో నీటిదే పైచేయి. మిథనాల్ తక్కువ ఉష్ణోగ్రతలోనే త్వరగా ఆవిరవుతుంది, నాకింగ్‌ను ఓర్చుకొనే ఇంధనంగా కూడా పని చేస్తుంది, అందుకే శక్తి కోసం పరుగెత్తేవారు దాన్ని కోరుకుంటారు. మీరు కోరుకుంటున్నది ఘాటీలో నిలకడ. బీఎండబ్ల్యూ 2016లో తెచ్చిన ఎం4 జీటీఎస్ కారులో బాష్ తయారు చేసిన ఇంజెక్షన్ వ్యవస్థ కేవలం నీటితోనే పని చేసింది, మిథనాల్ చుక్క కూడా లేదు. ఆ బండి శక్తి 500 పీఎస్.

నీళ్లంటే మళ్లీ ఏ నీళ్లైనా కాదు. బోరు నీళ్లు, కుళాయి నీళ్లు, ఇంటి ఆర్‌ఓ నీళ్లు వద్దు, వాటిలోని లవణాలు ముందు నాజిల్ రంధ్రంలో, తరువాత వాల్వుల మీద పేరుకుంటాయి. బ్యాటరీ దుకాణాల్లో అమ్మే డీమినరలైజ్డ్ నీళ్లు చాలు, ఖర్చు కూడా తక్కువే. ఒకవేళ ఎప్పటికైనా మిథనాల్ కలిపితే ఒక సంగతి గుర్తుంచుకోండి. మిథనాల్ సాంద్రత 0.79 మాత్రమే కనుక లీటరుకు లీటరు కలిపితే బరువులో అది 44 శాతమే అవుతుంది. కిట్ వెంట వచ్చే సూచనలు పరిమాణం గురించి చెబుతున్నాయా, బరువు గురించి చెబుతున్నాయా అన్నది చూసి కలపండి.

వంశధార_లోహం (గుణుపురం, రాయగడ జిల్లా)

ఎగ్జాస్ట్ పని చేసే వాడిగా నా మాట. టర్బో బండిలో సైలెన్సర్ లైను మొత్తానికీ ఒకే విలువ లేదు. టర్బైన్ నుంచి వెలువడే పొగకు మొదటి అడ్డంకి ఎక్కడ ఉంటే అక్కడే లాభం ఉంటుంది, అది డౌన్‌పైప్, అందులోని క్యాటలిస్ట్ (పొగలోని విషవాయువులను తగ్గించే భాగం). దాని వెనుక ఉండే మఫ్లర్లు, రెజొనేటర్లు మార్చితే శబ్దం మారుతుంది, శక్తి చెప్పుకోదగినంత మారదు. డబ్బు మిగుల్చుకోవాలంటే వెనుక భాగాన్ని కంపెనీది అలాగే ఉంచండి, దూరప్రయాణంలో 2,000 నుంచి 3,000 ఆర్‌పీఎం మధ్య చెవుల్లో మోగే హోరు కూడా తప్పుతుంది.

డౌన్‌పైప్ వల్ల మేలు నిజమే. టర్బైన్ వెనుక పీడనం తగ్గితే అదే బూస్ట్ కోసం టర్బైన్ ముందు అంత పీడనం అక్కర లేదు. సిలిండర్‌లో కాలిన వేడి వాయువు తక్కువగా మిగులుతుంది, నాకింగ్ కొంత తగ్గుతుంది. కానీ ఇంటర్‌కూలర్ వేడెక్కిపోయిన బాధకు అది మందు కాదు, ఈ విషయంలో సునాబెడ గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పైగా దారి తేలికైన టర్బో, పాత మ్యాప్‌తో కోరిన దాని కంటే ఎక్కువ బూస్ట్ ఇవ్వవచ్చు. మీ ఇంజనులో వేస్ట్‌గేట్‌ను (కొంత పొగను టర్బైన్ పక్కగా మళ్లించి బూస్ట్‌ను అదుపు చేసే తలుపును) విద్యుత్ మోటారు నడుపుతుంది. దాని కదలికల పట్టికను కొత్త గొట్టానికి తగ్గట్టు సరిచేయించకుండా బండిని ఘాటీ ఎక్కించకూడదు.

క్యాటలిస్ట్‌ను పూర్తిగా తీసేసే డౌన్‌పైప్ నేను కట్టను, మీరూ కట్టించుకోవద్దు. చదరపు అంగుళానికి 200 గదులుండే లోహపు క్యాటలిస్ట్ పెట్టినా దారి తగినంత తేలికగానే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని ఒప్పుకోదు. పొగ, శబ్దం హద్దులు మీరితే 190వ సెక్షన్ కింద 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు రద్దు ఉన్నాయి. చట్టం అటుంచినా, మన ఊళ్ల సందుల్లో తెల్లవారుజామున క్యాటలిస్ట్ లేని బండి స్టార్ట్ చేస్తే ఆ పొగ పీల్చేది మన ఇరుగుపొరుగువారే. బీమా కంపెనీకి కూడా మార్పులన్నీ రాతపూర్వకంగా తెలియజేయండి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజున క్లెయిము తిరస్కరించడానికి వారికి కారణం దొరుకుతుంది.

పని నాణ్యత గురించి ఒక ముక్క. ఎస్ఎస్ 304 గొట్టం, టిగ్ వెల్డింగ్, లోపలి వైపు ఆర్గాన్ వాయువు నింపి చేసిన అతుకు ఉండాలి. ముందరి లాంబ్డా సెన్సర్ (పొగలో ఆక్సిజన్‌ను కొలిచేది) కంటే ముందు, టర్బో వైపు ఎక్కడైనా వెంట్రుక వాసి పగులున్నా బయటి గాలి లోపలికి పీల్చుకొని సెన్సర్ తప్పు చెబుతుంది, ఈసీయూ అనవసరంగా పెట్రోలు పెంచుతుంది. మన రోడ్ల గుంతలకు గట్టి గొట్టం నిలవదు కాబట్టి మంచి ఫ్లెక్స్ జాయింట్ తప్పనిసరి. డౌన్‌పైప్ చుట్టూ వేడి కవచం కట్టించడం మరువకండి, బానెట్ కింది వేడి తగ్గించడంలో దాని పాత్ర చాలామంది గుర్తించరు.

నాగావళి_ఆర్‌ఎస్ (రాయగడ)

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంటర్‌కూలర్ ముందు పెట్టించాలని, మిథనాల్ జోలికి పోకుండా డీమినరలైజ్డ్ నీళ్లతోనే ఆగాలని నిర్ణయించుకున్నాను. డౌన్‌పైప్ పని దాని తరువాతే. అయితే కిట్ అమ్మేవారు సగానికి సగం మిథనాల్ లేకపోతే ప్రయోజనం లేదని గట్టిగా చెబుతున్నారు. నీళ్లతోనే వెళితే ట్యూనింగ్ ఏ వరుసలో చేయాలి? నాజిల్ లెక్క ఎలా? పంపు ఆగిపోతే ఇంజను సంగతి ఏమిటి?

జయపురం_క్యాలిబ్రేషన్ (జయపురం, కొరాపుట్ జిల్లా)

నాగావళి గారూ, నేను ఈసీయూ క్యాలిబ్రేషన్ పని చేస్తాను, మా సొంత ఊరు జయపురమే కాబట్టి మీరు చెప్పిన ఘాటీ నాకు బాగా పరిచయం. కిట్ అమ్మేవారి మాటలో సగం నిజముంది. టైమింగో బూస్టో పెంచి మీరు అదనపు శక్తి కోరుకుంటే మిథనాల్ ఉపయోగపడుతుంది. మీరు కోరుకోవడం లేదు. పైగా మీ డీఎస్‌జీ క్లచ్‌లు కంపెనీ ఇచ్చిన 350 న్యూటన్‌మీటర్లకు తగ్గట్టు కట్టినవి. స్టేజ్ వన్ మ్యాప్‌తోనే వాటి హద్దు దగ్గరకు వచ్చి ఉంటారు. ఇంకా టార్క్ పెంచితే మొదట జారిపోయేవి అవే.

మిథనాల్ వద్దనడానికి నా దగ్గర మరో కారణం ఉంది, దీన్ని ట్యూనర్లు సరిగా పట్టించుకోరు. మీ ఈసీయూ పూర్తి లోడ్‌లో కూడా వైడ్‌బ్యాండ్ లాంబ్డా సెన్సర్ చూసి పెట్రోలును సరిచేసుకుంటుంది. సగానికి సగం మిథనాల్ ద్రవాన్ని పెట్రోలులో 15 శాతం మేర చల్లితే, ఆ మిథనాల్ దాదాపు మూడున్నర శాతం పెట్రోలు చేసే పనిని చేస్తుంది. మిశ్రమం చిక్కబడిందని గ్రహించి ఈసీయూ అంత మేర పెట్రోలు తగ్గిస్తుంది. కొన్నాళ్లకు ఆ తగ్గింపును అలవాటుగా నేర్చుకుంటుంది. ఒక రోజు నాజిల్ మూసుకుపోతే, చల్లదనం పోయిన క్షణంలోనే మిశ్రమం కూడా పలచబడుతుంది. సెన్సర్ గమనించి సరిచేసే లోపు గడిచే ఆ కొద్ది క్షణాలు పూర్తి బూస్ట్‌లో గడుస్తాయి. నీళ్లు మాత్రమే వాడితే ఈ రెండో ప్రమాదం లేనే లేదు, ట్రిమ్ (ఈసీయూ చేసే పెట్రోలు సవరింపు) కదలదు. ఘాటీ రోడ్డులో నడిచే బండికి ఇంతకు మించిన కారణం ఇంకేం కావాలి?

ఇక నాజిల్. ఇంటర్‌కూలర్ మార్చిన తరువాత మీ బండి శక్తి 260 హార్స్‌పవర్ ప్రాంతంలో ఉంటుందనుకుందాం. గంటకు ఒక్కో హార్స్‌పవర్‌కు 0.27 కిలోల పెట్రోలు చొప్పున గంటకు 70 కిలోలు, అంటే నిమిషానికి దాదాపు 1,570 సీసీ పెట్రోలు. నీళ్లు మాత్రమే అయితే అందులో 10 శాతంతో మొదలుపెట్టాలి, అంటే నిమిషానికి 150 నుంచి 160 సీసీ. నీరు ఎక్కువైతే మంట నెమ్మదించి మిస్‌ఫైర్ వస్తుంది కాబట్టి పెద్ద నాజిల్ కొని తరువాత తగ్గించుకుందామన్న ఆలోచన వద్దు. నాజిల్ మీద రాసిన సీసీ ఏ పీడనానికి చెప్పినదో చూడండి. ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని అనుసరించి మారుతుంది, పంపు పీడనంలో బూస్ట్ పీడనాన్ని తీసివేసి లెక్క కట్టాలి. 7 బార్లకు లెక్క చెప్పిన నాజిల్‌ను 10 బార్ల పంపుతో, 1.2 బార్ బూస్ట్‌కు ఎదురుగా నడిపితే 12 శాతం ఎక్కువ చల్లుతుంది.

నాజిల్‌ను ఇంటర్‌కూలర్ తరువాత, థ్రాటిల్‌కు (ఇంజనులోకి గాలిని నియంత్రించే తలుపుకు) 15, 20 సెంటీమీటర్ల ముందు పెట్టించండి. థ్రాటిల్ ముందున్న ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటే నాజిల్ దాని తరువాత, ఇంజను వైపు ఉండాలి. సెన్సర్ మీద చుక్కలు పడితే గాలి నిజంగా ఉన్నదానికన్నా చల్లగా ఉందని ఈసీయూ నమ్మి టైమింగ్ పెంచేస్తుంది. మీకు కావలసినదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. స్పార్క్ ప్లగ్‌లు ఒక మెట్టు చల్లనివి వేసి గ్యాప్ 0.6 నుంచి 0.65 మిల్లీమీటర్ల మధ్య ఉంచండి.

ట్యూనింగ్ వరుస ఇలా ఉండాలి. ఇంటర్‌కూలర్ పెట్టి, నీళ్లు ఆపి, మన బంకుల్లో దొరికే మామూలు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుతోనే మొదటి మ్యాప్ తయారు చేయించండి. భువనేశ్వర్‌లోనో విశాఖలోనో దొరికే ఎక్కువ ఆక్టేన్ పెట్రోలుతో ట్యూన్ చేయించి రాయగడ పెట్రోలుతో నడిపితే ఆ మ్యాప్‌కు అర్థం లేదు. ఇథనాల్ పాళ్లు మారితే గాలి-ఇంధన నిష్పత్తి అంకెలు మోసం చేస్తాయి కనుక ట్యూనర్‌ను లాంబ్డా విలువలతోనే (ఆ ఇంధనం పూర్తిగా కాలడానికి కావలసిన గాలితో పోల్చి చెప్పే అంకెలతోనే) మాట్లాడమనండి. ఆ మ్యాప్‌లో ఏ సిలిండర్‌లోనూ టైమింగ్ 3 డిగ్రీలు దాటి వెనక్కి పోకూడదు. దాటితే బూస్ట్ తగ్గించండి. ఈ మ్యాప్ నీళ్లు లేకపోయినా ఇంజను బతికే మ్యాప్, మీరు ఎప్పటికీ దీనితోనే తిరుగుతారు.

తరువాత ఏమీ మార్చకుండా నీళ్లు తెరవండి. కంట్రోలర్‌ను బూస్ట్‌ను బట్టి క్రమంగా పెంచే పద్ధతిలో, గరిష్ఠ బూస్ట్‌లో 60 శాతం దగ్గర మొదలయ్యేలా పెట్టించండి. లాగ్‌లో టైమింగ్ వెనక్కి పోవడం దాదాపు సున్నాకు వస్తే మీ పని అయిపోయింది. అక్కడ ఆగిపోవాలని నా గట్టి సలహా. ఇంకో రెండు డిగ్రీల టైమింగ్ కలిపి పది పీఎస్ సంపాదించే అవకాశం ఎదురుగా కనబడుతుంది, ట్యూనర్ కూడా పెడతానంటాడు. ఆ రెండు డిగ్రీలు కలిపిన క్షణం నుంచి మీ పిస్టన్లు అయిదు లీటర్ల ట్యాంకు మీద, ఒక చిన్న పంపు మీద ఆధారపడతాయి. ఈ పరీక్షలన్నీ డైనో (బండిని ఒకచోట నిలిపి శక్తిని కొలిచే యంత్రం) మీదే చేయించండి. లారీలు, పశువులు తిరిగే ఘాటీ రోడ్డు పూర్తి థ్రాటిల్‌తో లాగ్ తీసే చోటు కాదు.

పంపు ఆగితే ఏమిటని అడిగారు. ట్యాంకులో మట్టం చెప్పే సెన్సర్ ఒక్కటి సరిపోదు. నీళ్లుండీ గొట్టం నలిగితే అది ఏమీ చెప్పదు. నాజిల్‌కు వెళ్లే గొట్టంలో ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ పెట్టించి, ప్రవాహం ఉండవలసిన దానికన్నా తగ్గినా పెరిగినా బూస్ట్‌ను కనిష్ఠానికి దించేలా కలపాలి. పెరగడం కూడా ప్రమాద సూచనే, గొట్టం ఊడి నీళ్లు బయటకు పోతుంటే ప్రవాహం ఎక్కువగా కనబడుతుంది. నేను చెప్పిన మొదటి మ్యాప్ ఉంటే ఈ రక్షణ పని చేయకపోయినా ఇంజను పోదు, అయినా పెట్టించండి.

చివరగా, చాలా కిట్లలో తప్పిపోయే ఒక చిన్న భాగం ఉంది. ట్యాంకు నాజిల్ కంటే ఎత్తున ఉన్నా, థ్రాటిల్ మూసినప్పుడు మానిఫోల్డ్‌లో శూన్యం ఏర్పడి ఆ లాగుడు నాజిల్ దాకా పాకినా, పంపు నడవకుండానే నీళ్లు ఇంజనులోకి కారవచ్చు. నాజిల్‌కు దగ్గరగా సోలెనాయిడ్ వాల్వు (కరెంటు అందినప్పుడే తెరుచుకొనే వాల్వు) ఉండాలి. బిగించిన తరువాత నీటి గొట్టం నాజిల్‌కు తగిలించే ఉంచి, నాజిల్‌ను మాత్రం ఇంజనుకు గాలి వెళ్లే గొట్టం నుంచి విప్పి ఒక గాజు గ్లాసులో పెట్టి, ఇంజను ఆపి రాత్రంతా వదిలేయండి. తెల్లవారి గ్లాసులో చుక్క నీరు ఉన్నా ఆ వాల్వు మార్చిన తరువాతే బండి స్టార్ట్ చేయండి.